చదివింపుల పుస్తకానికి ఎక్కని కానుక

సహోదరీ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరూ మీ భర్తా కలిసి మీ క్రైస్తవ సంఘంలోని ఒక పేద కుటుంబపు అబ్బాయికి నాలుగేళ్లు ఇంజనీరింగ్ ఫీజు కట్టారు. అతనికి ఉద్యోగం వచ్చి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో ఒక్క ఫోను లేదు, చెల్లెలి పెళ్లికి మీ ఇంటికి శుభలేఖ కూడా రాలేదు. ఇప్పుడు మరొక అమ్మాయి నర్సింగ్ చదువుకు సహాయం అడుగుతుంటే మీకు చెయ్యి ముందుకు రావడం లేదు. ఏమీ ఆశించకుండా ఇవ్వాలని వాక్యం చెబుతున్నప్పుడు మీకు బాధ కలగడమే పాపమా అని ఒకటి, ఆశించకూడదన్నదే నిజమైతే ఇచ్చినదానికి నూరంతలు తిరిగి వస్తుందని ప్రసంగాల్లో ఎందుకు చెబుతున్నారని మరొకటి, రెండు సంగతులు అడిగారు. ముప్పై ఎనిమిదేళ్లు కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లె సంఘాల్లో పరిచర్య చేసి, కానుకల పెట్టె తాళంచెవి కూడా చాలాకాలం మోసినవాణ్ణి గనుక, నాకు తెలిసింది రాస్తాను. అంతకు ముందు ఒకరి డబ్బుతో చదువుకున్నవాణ్ణి కూడా నేను. ఆ సంగతీ చెబుతాను.

మొదట మీ బాధ గురించి. లూకా సువార్త 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు శుద్ధులయ్యారు, వారిలో ఒక్కడే తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పాడు, వాడూ యూదులు పరాయివాడిగా చూసే సమరయుడు. మిగిలిన తొమ్మిది మంది ఏరని యేసు అడిగాడు. అంటే రానివారిని ఆయన గమనించాడు, లెక్క కూడా పెట్టాడు. కృతఘ్నత కంటబడితే గుర్తించడం, గుర్తించినప్పుడు మనసు చివుక్కుమనడం పాపమైతే ఆ ప్రశ్న సువార్తలో ఉండేది కాదు. అయితే ఆ తొమ్మిది మందికి కుష్ఠు తిరిగి వచ్చిందని అక్కడ రాసి లేదు. పదకొండో రోగి ఎదురైనప్పుడు యేసు ముఖం తిప్పుకున్నాడని కూడా లేదు. మీకు బాధ కలగడంలో తప్పు లేదని, ఆ బాధను తీసుకువెళ్లి నర్సింగ్ అమ్మాయి ముందు పెట్టడంలో మాత్రం తప్పు ఉందని నేను అనుకోవడానికి ఆధారం ఇదే. ఆ అమ్మాయి మీకు ఏ ఫోనూ బాకీ లేదు.

ఇక మీరు పేర్కొన్న వాక్యం లూకా 6వ అధ్యాయం 35వ వచనం. మన పాత తెలుగు బైబిలు తెరిచి చూడండి, అక్కడ ఒక విచిత్రం ఉంది. మనమందరం "ఏమీ ఆశించకుండా అప్పియ్యుడి" అని నోటితో చెప్పుకుంటాం గానీ, ఆ అనువాదంలో ఉన్న మాట అది కాదు. "ఎట్టివారిని గూర్చియైనను నిరాశ చేసికొనక" అని ఉంది. గ్రీకు మూలంలో ఉన్న 'అపెల్పిజో' అనే క్రియకు ఆ భాషలో సాధారణంగా ఉన్న అర్థం ఆశ వదులుకోవడమే. కానీ దానికి ముందు వచనంలో, తిరిగి పుచ్చుకోవచ్చునని ఎదురుచూసి అప్పిచ్చేవారి ప్రస్తావన ఉంది గనుక, దానికి వ్యతిరేకంగా ఇక్కడ "తిరిగి ఏమీ ఎదురుచూడక" అని అర్థం చెప్పుకోవాలని ప్రాచీన లాటిను అనువాదం మొదలుకొని చాలామంది తీసుకున్నారు. మధ్యయుగంలో వడ్డీ వ్యాపారాన్ని నిషేధించడానికి యూరపు సంఘం చూపిన వాక్యాల్లో ఇదొకటి. మన తెలుగు అనువాదకులు మాత్రం మొదటి అర్థం వైపు మొగ్గారు. సందర్భాన్ని బట్టి చూస్తే లాటిను వారి అర్థమే బలమైనదని నా అభిప్రాయం, అయినా తెలుగువారు ఎన్నుకున్న మాటను కొట్టిపారేయడానికి మనసొప్పదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు మీ ప్రశ్నకు సరిపోయే జవాబు వస్తుంది. ఇచ్చినవారి దగ్గర నుంచి తిరిగి రావాలని చూడవద్దు. రాలేదు గనుక ఆ మనిషి మీద ఆశ వదులుకోవద్దు. మొదటిది మాత్రమే పాటించి రెండోది వదిలేసినవారు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. "నేనేమీ ఆశించలేదు, వాడి మొహం మాత్రం చూడను" అంటారు. అలా అనేవారు నిజానికి ఎంతో ఆశించారని ఆ రెండో ముక్కే చెబుతుంది.

తిరిగి రావడం అంటే డబ్బు తిరిగి రావడమే అనుకుంటాం. మీరు ఆ అబ్బాయి నుంచి ఒక్క రూపాయి అడగలేదని నాకు తెలుసు. కానీ శుభలేఖ ప్రస్తావన మీ ప్రశ్నలో ఊరికే రాలేదు. మన తెలుగు పెళ్లిళ్లలో చదివింపులు ఎలా సాగుతాయో గుర్తు చేసుకోండి. పందిట్లో ఒక పక్కగా చిన్న బల్ల, దాని మీద పొడుగాటి లెక్కల పుస్తకం, మన క్రైస్తవ పెళ్లిళ్లయితే మొదటి పేజీ పైన ఒక సిలువ గుర్తు, చేతిరాత బాగున్న మేనమామ ఒకాయన, పక్కనే కవర్లు చింపి నోట్లు సరిచూసే కుర్రవాడు. ఊరు, ఇంటిపేరు, పేరు, ఎదురుగా 516 అనో 1,116 అనో అంకె. ఆ తరువాత ఎప్పుడో అయిదారేళ్లకు ఆ ఇంటివారి శుభలేఖ వచ్చినప్పుడు బీరువా పై అరలోంచి ఆ పుస్తకం కిందికి దిగుతుంది. "వాళ్లు మనకు 516 చదివించారు, ధరలు పెరిగాయి కదా, మనం 1,116 అయినా పెట్టాలి" అని ఇంటాయన, ఇంటావిడ మాట్లాడుకుంటారు. దీన్ని నేను తప్పు పట్టడం లేదు. అప్పులవాడి గడప తొక్కకుండా ఒక పేద ఇంటి పెళ్లి గట్టెక్కడానికి ఊరంతా కలిసి వేసుకున్న చీటీ లాంటిది అది. కాకపోతే దాన్ని కానుక అనకూడదు.

లూకా 14వ అధ్యాయంలో యేసు సరిగ్గా ఈ పుస్తకం గురించే మాట్లాడాడని నాకు అనిపిస్తుంది. విందు చేసినప్పుడు స్నేహితులను, బంధువులను, ధనవంతులైన పొరుగువారిని పిలవవద్దని, ఎందుకంటే వారు నిన్ను మళ్లీ పిలుస్తారని, అప్పుడు నీకు ప్రత్యుపకారం కలుగుతుందని ఆయన ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే పరిసయ్యుల వర్గపువాడొకడి ఇంట్లో భోజనానికి కూర్చుని, పిలిచినవాడి ముఖం మీదే అన్నాడు. తిరిగి పిలవలేని బీదలను, కుంటివారిని, గ్రుడ్డివారిని పిలవమన్నాడు. రోమా సామ్రాజ్యంలో ధనవంతుల వాకిట ప్రతి ఉదయం ఆశ్రితులు వచ్చి నిలబడి దండం పెట్టి, ఏదో ఇంత పుచ్చుకుని, బదులుగా ఆయన వెనక నడిచి ఆయన పేరు మోసేవారు. ఊరికి నీటి తొట్టె కట్టించినవాడు తన పేరును రాతి మీద చెక్కించుకునేవాడు. అలాంటి పెద్దలకు "ఉపకారులు" అనేది ఒక బిరుదు. లూకా 22లో యేసు ఆ బిరుదును పేరుపెట్టి చెప్పి, మీరు అలా ఉండకూడదని శిష్యులతో అన్నాడు. ఫ్యాను రెక్క మీద, గుడి బెంచీ వీపు మీద దాత పేరు రాయించే మన అలవాటు ఎక్కడిదో దీన్నిబట్టి మీరే ఊహించుకోవచ్చు. ప్రసంగం వినేటప్పుడు తల పైకెత్తితే ఫ్యాను మీద పేరు గిర్రున తిరుగుతూ కనిపిస్తుంది, నిదానంగా తిరిగితే చదవడానికి కూడా వీలవుతుంది. ఇక్కడ మరొక చిన్న సంగతి. 'ప్రత్యుపకారం' అనే ఈ మాటే భగవద్గీత 17వ అధ్యాయంలోనూ ఉంది. ప్రత్యుపకారం చేయలేనివాడికి ఇచ్చేది సాత్త్విక దానమని, ప్రత్యుపకారం కోరి ఇచ్చేది రాజస దానమని అక్కడ విభజించారు. కాబట్టి మీ పొరుగువారికి ఈ సంగతి మీరు కొత్తగా నేర్పనక్కరలేదు.

మత్తయి 6వ అధ్యాయంలో, మనుషులు చూడాలని బూర ఊదించి ధర్మం చేసేవారు "తమ ఫలము పొంది యున్నారు" అనే మాట ఉంది. ఆ గ్రీకు క్రియను ఆ కాలపు ఐగుప్తు (ఈజిప్టు) రసీదుల మీద కూడా రాసేవారు. మొత్తం ముట్టింది, ఇక బాకీ లేదు అని దాని అర్థం. బూర ఊదించినవాడికి చప్పట్లు దొరికాయి, రసీదు తెగింది, పరలోకంలో రావలసింది ఇంకేమీ లేదు. శిక్ష ఏమీ లేదు సుమా, లెక్క చెల్లిపోయింది అంతే. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్నది దీని తరువాతి వాక్యమే. దాన్ని మనం ఇతరులకు తెలియకుండా ఇవ్వడం అని మాత్రమే చెప్పుకుంటాం. ఎడమచెయ్యి ఇతరులది కాదు, నాదే. నేను ఇచ్చిన సంగతి నేనే తరచుగా తీసి చూసుకోకూడదని అసలు భావం. ఇది మొదటిదానికంటే చాలా కష్టం.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నాకు ఇరవై ఒక్కేళ్లు. వేలమంది చనిపోయిన ఆ చోటికి వేదాంత విద్యార్థులుగా కొందరం లారీలో దుప్పట్లు, వంటపాత్రలు తీసుకుని వెళ్లాం. నేను పంచుతున్న వరుసలో ఒక ముసలామె దుప్పటి అందుకుని పక్కకు వెళ్లకుండా అక్కడే నిలబడింది. ఇంకా ఏదైనా కావాలేమో అనుకుని, ఏమిటమ్మా అని అడిగాను. ఆమె కుడిచేతి బొటనవేలు ముందుకు చాపి, "ఎక్కడెయ్యాలయ్యా?" అంది. వేలిముద్ర ఎక్కడ వేయాలని ఆమె అడిగింది. ఆమె బతుకులో, తనకంటే పెద్దవారి చేతుల మీదుగా వచ్చిన ప్రతి వస్తువూ ఒక నోటు మీద వేలిముద్రతోనే వచ్చింది. నాకు అక్కడికక్కడే ఏదో గొప్ప మాట చెప్పాలనిపించింది. కానీ మా దగ్గరా ఒక రిజిస్టరు ఉంది, పంపినవారికి లెక్క చూపాలి. సిరా డబ్బా తెరిచి ఆమె వేలు పట్టుకుని ముద్ర వేయించాను. లెక్క రాయడం తప్పని నేను ఇప్పటికీ అనను, పరాయి డబ్బు పంచేటప్పుడు రిజిస్టరు తప్పనిసరి. కానీ ఆ రిజిస్టరు నాకోసమని, ఆమె మీద అప్పు కాదని ఒక్క ముక్క చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. దుప్పటి చంకన పెట్టుకుని, వేలికి అంటిన సిరాను చీర కుచ్చిళ్లకు తుడుచుకుంటూ ఆమె వెళ్లిపోయింది.

ఇప్పుడు పుచ్చుకున్నవాడి సంగతి. నన్ను హాస్టల్లో ఉంచి రెండేళ్లు చదివించినది మా ప్రాంతపు సంఘపెద్ద ఒకాయన, పేరు అవసరం లేదు. ఆయన నన్ను ఏనాడూ డబ్బు అడగలేదు, పని చెప్పలేదు. కానీ ఇంటికి ఎవరైనా చుట్టాలు వస్తే నాకు కబురు పెట్టేవారు. నేను వెళ్లి వసారాలో నిలబడితే, "వీడేనండీ, మనం చదివిస్తున్నది" అని చూపించేవారు. ఆ 'మనం' అనే మాటలో నిజమైన ప్రేమ ఉందని ఇవాళ నాకు తెలుసు. అప్పుడు మాత్రం ఆ వసారా మెట్లు ఎక్కుతుంటే నా చొక్కా చిరుగు నాకే పెద్దదిగా కనిపించేది. చదువు ముగిశాక ఆయన వీధి తప్పించి చుట్టూ తిరిగి స్టేషనుకు వెళ్లిన రోజులు ఉన్నాయి. ఆయన దృష్టిలో నేను కృతఘ్నుణ్ణి. నా మట్టుకు నాకు, ఎదురుపడితే తలెత్తలేనంత బరువు ఉండేది. కృతజ్ఞత లేకపోవడం, కృతజ్ఞత మోయలేకపోవడం బయటికి ఒకేలా కనిపిస్తాయి. మీ అబ్బాయిది రెండోదే అని నేను తీర్పు చెప్పలేను, నిజంగానే మరిచిపోయినవాడు కూడా కావచ్చు. కానీ ఒక్కసారి ఆలోచించి చూడండి. ఆ నాలుగేళ్లలో సంఘంలో ఎందరికి ఈ విషయం తెలిసింది, ఎవరి ద్వారా తెలిసింది? చెల్లెలి పెళ్లిలో మిమ్మల్ని ముందు వరుసలో కూర్చోబెడితే, పెళ్లికొడుకు తరపువారు "వీరెవరు" అని అడిగితే, ఆ ఇంటివారు ఏమని చెప్పుకోవాలి? శుభలేఖ రాకపోవడానికి కారణం అక్కడ ఉందేమో.

నూరంతల మాట మీద ఎక్కువ రాయవలసిన పని లేదు, ఎందుకంటే ఆ వచనాన్ని పూర్తిగా చదివితే చాలు. మార్కు 10వ అధ్యాయంలో నూరంతలు పొందుతారని యేసు చెప్పింది ఇంటిని, తలిదండ్రులను, భూములను విడిచి వచ్చినవారితో. పైగా ఆ జాబితాలో "హింసలతో పాటు" అని ఉంది. టీవీ తెర కింది భాగంలో క్యూఆర్ కోడ్ పెట్టి విత్తనం విత్తమనే బోధకుల్లో ఆ రెండు మాటలు కలిపి చదివినవారిని నేను ఇంతవరకు వినలేదు. వెయ్యి రూపాయలు వేస్తే లక్ష వస్తుందనేది విశ్వాసం అయితే, లాటరీ టికెట్టు కొన్నవాడు మనందరికంటే గొప్ప విశ్వాసి. లూకా 6:38లో ఉన్న అణచి, కుదిలించి, దిగజారేటట్లు నిండు కొలత అనే మాటను కూడా ఇలాగే వాడుతున్నారు. ధాన్యం కొలిచే ఇంట పుట్టినవారికి ఆ మాట బాగా తెలుసు. కుంచంతో మొదటి కొలత పోస్తూ "ఒకటి" అనకుండా "లాభం" అని లెక్క మొదలుపెట్టే మా తాతగారు, ఇంటి పాలేరుకు కొలిచేటప్పుడు కుంచాన్ని ఒకసారి నేలకు తట్టి, కుదిలించి, పైన రాశిగా నిలిచినంత పోసేవారు. ఎరువుల కొట్టువాడి బాకీకి కొలిచేటప్పుడు మాత్రం పైన చేత్తో చదును చేసేవారు. కొలిచేవాడి మనసు ఆ పై రాశిలో తెలుస్తుంది. ఆ వచనానికి ముందు వచనం తీర్పు తీర్చవద్దు, క్షమించండి అని చెబుతుంది. అంటే మీరు ఇతరులను ఏ కుంచంతో కొలుస్తారో అన్నదే అక్కడి విషయం. ఆ అబ్బాయిని చదును చేసి కొలవాలా, రాశిగా కొలవాలా అన్నది మీ ముందున్న ప్రశ్న.

దీన్నిబట్టి బైబిలు ఏ ప్రతిఫలమూ లేదని చెబుతోందనుకోకండి. ప్రతిఫలం ఉందని దాచకుండా చెబుతుంది. బీదలను కనికరించేవాడు యెహోవాకు అప్పిచ్చేవాడని సామెతల గ్రంథం 19వ అధ్యాయం అంటుంది. ఇందాకటి విందు ఉపమానం చివర, నీతిమంతుల పునరుత్థానంలో నీకు ప్రత్యుపకారం దొరుకుతుందని ఉంది. అంటే లెక్క చెరిగిపోలేదు, ఖాతాదారు మారాడు. పుచ్చుకున్నవాడి పేరు కొట్టివేసి, అక్కడ దేవుని పేరు రాసుకోమంటున్నారు. ఆయన ఎప్పుడు, ఎలా తీరుస్తాడనేది ఆయన ఇష్టం. గడువు పెట్టి వసూలు చేయడానికి ఆయన మన చీటీపాట సభ్యుడు కాడు. నాకు ఇందులో కనిపించే మేలు ఏమిటంటే, అబ్బాయి ఆ క్షణమే స్వతంత్రుడవుతాడు. అతని పేరు మీద ఇక బాకీ లేదు.

పౌలు ఇంకొక అడుగు ముందుకు వేశాడు. యెరూషలేములోని బీదల కోసం మాసిదోనియ, అకయ ప్రాంతాల సంఘాల నుంచి చందా పోగుచేసినప్పుడు, రోమీయులకు రాసిన పత్రిక 15వ అధ్యాయంలో, డబ్బు ఇచ్చే అన్యజనులే, అంటే యూదులు కానివారే, యెరూషలేము వారికి ఋణస్థులని రాశాడు. సువార్త వారి దగ్గర నుంచి వచ్చింది గనుక ఇచ్చేవాడే బాకీదారుడు. మీ నాలుగేళ్ల ఫీజును ఈ వైపు నుంచి చూస్తే, మీకు చదువు చెప్పించినవారెవరో, వారికి మీరు ఏమి తిరిగి ఇచ్చారో గుర్తుకు వస్తుంది. మన తెలుగు క్రైస్తవులలో చాలామంది తాతముత్తాతలు మిషను బడుల్లో పలక పట్టినవారే. ఆ పలకలకు డబ్బు పంపిన దూరదేశపు ముసలివారికి మనం శుభలేఖలు పంపలేదు.

ప్రతిఫలం ఆశించకపోవడం అనేది డబ్బుకు మాత్రమే కాక మతానికి కూడా వర్తిస్తుందా అన్న పరీక్ష మన నేల మీదే ఒకసారి జరిగింది. 1876–78 నాటి పెద్ద కరువులో ఒంగోలు ప్రాంతంలో పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారిని కూలికి పెట్టాడు. ఆయన ఊరికే గంజి పోయించకుండా కూలి ఇవ్వడంలోనే ఒక మర్యాద ఉంది, ఎందుకంటే కూలి తీసుకున్నవాడు ఎవరికీ దండం పెట్టనవసరం లేదు. కరువు సాయం సాగినంతకాలం బాప్తిస్మం కోరి వచ్చినవారికి ఆయన బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట వారి మీదా, అన్నం పెట్టి కొన్నారన్న మాట మిషను మీదా పడకూడదన్నది ఆయన పట్టుదల. సాయం నిలిపివేశాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరువులో పెట్టిన కూలికీ ఈ సంఖ్యకూ ఏ సంబంధమూ లేదని నేను వాదించను, మనిషి మనసులో ఏది ఎంత పనిచేస్తుందో విడదీసి తూచగల తక్కెడ లేదు. కానీ తన ఉపకారానికి ప్రతిఫలంగా వచ్చేదేమోనన్న అనుమానంతో, తాను జీవితమంతా కోరుకున్నదాన్నే నెలల తరబడి వద్దని ఆపిన మనిషి నాకు చాలా దగ్గరగా కనిపిస్తాడు. ఇవాళ సరుకుల సంచి చేతిలో పెట్టి, ఆదివారం గుడిలో కనపడకపోతే ఇంటికి వెళ్లి నిలదీసేవారిని చూసినప్పుడు ఆయన మరీ గుర్తుకు వస్తాడు.

ఇచ్చేది ఉన్నవారి పని, పుచ్చుకునేది లేనివారి పని అనే విభజనను ఒప్పుకోని మనిషి మరొకరు మనకున్నారు. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడైన వి.ఎస్. అజరయ్య 1912లో డోర్నకల్‌కు బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆయన మేత్రాసనంలో, అంటే ఆయన పాలన కింద ఉన్న సంఘాల్లో, అత్యధికులు మాల, మాదిగ పల్లెల్లోని కూలీలు. వారు ఎంతకాలం పుచ్చుకుంటూనే ఉంటే అంతకాలం వారిని ఎవరూ సమానులుగా చూడరని, కాబట్టి వారు కూడా ఇవ్వాలని ఆయన 1945లో చనిపోయేంతవరకు బోధించారు. ఇది పేదల మీద భారం వేయడం కాదా అని నన్ను చాలామంది అడిగారు. భారం వేసే పద్ధతి కూడా ఉంది, కాదనను. మార్కు 12లో రెండు కాసులు వేసిన విధవరాలి కథను మనం ప్రతి కానుకల ఆదివారం చెబుతాం గానీ, దానికి సరిగ్గా ముందున్న వచనంలో విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రుల (యూదుల ధర్మశాస్త్ర బోధకుల) మీద యేసు కోపం ఉందని చెప్పం. ఆమె దగ్గర తీసుకునేవారికి అది హెచ్చరిక.

కానీ పిడికెడు బియ్యం ఆచారం చూసినవారికి అజరయ్యగారి మాటలో ఉన్న నిజం అర్థమవుతుంది. మా సంఘాల్లో ఆడవారు ఎసరు పెట్టి, బియ్యం చేటలో పోసుకుని, కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేసేవారు. శనివారం నాటికి డబ్బా నిండినా నిండకపోయినా ఆదివారం సంచిలో పోసి గుడికి తెచ్చేవారు. గుడి ముందు పరచిన గోనెపట్టా మీద అందరివీ ఒకే కుప్పగా పోసేవారు. సన్నబియ్యం, ముతకబియ్యం, రేషను బియ్యం అన్నీ కలిసిపోయేవి. ఏ పిడికెడు ఎవరిదో ఆ తరువాత దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ బియ్యాన్ని వేలం పాటలో కొన్నవారికి ఒక చిక్కు ఉండేది, ఒక గింజ ఉడికేలోపు మరొకటి చితికిపోతుంది. అందుకని చాలామంది దాన్ని దోసెల పిండికే వాడేవారు. సంఘంలో అందరికంటే పేదరాలు ఒకామె, తాను ఆ కుప్ప నుంచే నెలనెలా రెండు మానికలు తీసుకునేది, తీసుకున్న దానిలోంచే మళ్లీ పిడికెడు తీసి వేసేది. లెక్కల ప్రకారం ఇందులో ఏ అర్థమూ లేదని ఒకసారి యువకుడైన కోశాధికారి అంటే ఆమె చాలా కోపగించుకుంది. తానూ వేస్తుంది గనుకనే తీసుకోగలుగుతున్నానని ఆమె చెప్పిన మాటకు అతని దగ్గర జవాబు లేదు.

ఇక మీరు చేయవలసింది. ముందుగా, ఇవ్వబోయేది కానుకో అప్పో డబ్బు చేతులు మారకముందే మీ ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి, తేల్చుకున్నది ఎదుటివారికి స్పష్టంగా చెప్పండి. అప్పయితే అప్పని చెప్పి, కాగితం రాసుకుని, వాయిదాలు అడిగి తీసుకోవడంలో ఏ పాపమూ లేదు. అప్పివ్వమని కూడా యేసే చెప్పాడు. పైకి కానుక అని చెప్పి మనసులో అప్పుగా రాసుకోవడమే ఇద్దరినీ చెడగొడుతుంది. తిరిగి రాకపోతే నిద్రపట్టదనుకున్నంత మొత్తం ఎప్పుడూ కానుకగా ఇవ్వకండి, మీకు నిద్రపట్టే మొత్తం ఎంతో అంతే ఇవ్వండి. హృదయంలో నిశ్చయించుకున్న ప్రకారం, సణుగుకోకుండా, బలవంతం లేకుండా ఇవ్వాలని పౌలు కొరింథీయులకు రాసిన మాటను నేను ఇలాగే అర్థం చేసుకుంటాను. ఇంత సగటు మనిషి లెక్కలో చెప్పినందుకు కొందరు నన్ను అల్పవిశ్వాసి అంటారు, అననివ్వండి.

కళ్లు మూసుకుని ఇవ్వమని కూడా నేను చెప్పడం లేదు. తొలి సంఘపు కాలపు 'దిదాకే' అనే చిన్న గ్రంథంలో, ఎవరికి ఇవ్వాలో తెలిసేవరకు నీ ధర్మాన్ని నీ చేతుల్లోనే చెమర్చనియ్యమని ఒక మాట ఉంది. కాలేజీ నిజమైనదేనా, నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా, ఫీజు ఎంత అన్నది విచారించండి. ఫీజును నేరుగా కాలేజీకే కట్టండి, దాన్ని ఆ అమ్మాయి అనుమానంగా తీసుకోకుండా ముందే చెప్పండి. వీలైతే మీ పేరు లేకుండా, సంఘం చేతుల మీదుగా వెళ్లేటట్లు చూడండి. మీ పాస్టరుగారికి, కోశాధికారికి తప్ప మూడో మనిషికి తెలియనక్కరలేదు, ఆ అమ్మాయికి కూడా. అప్పుడు ఆమె ఫోను చేయలేదన్న బాధకు చోటే ఉండదు. అంత రహస్యం మీ ఊళ్లో సాధ్యపడకపోతే, ఆమె దగ్గర నుంచి మీరు కూడా ఏదైనా పుచ్చుకునే వీలు కల్పించండి. సెలవుల్లో వచ్చినప్పుడు మీ వారికి రక్తపోటు చూడమనండి, సండేస్కూలు పిల్లలకు చేతులు ఎలా కడుక్కోవాలో నేర్పమనండి. ఆమె తలెత్తుకుని మీ గుమ్మం ఎక్కగలుగుతుంది. ఆ అబ్బాయికి అలాంటి వీలు ఎవరూ కల్పించి ఉండరు.

అతని విషయం చివరికి ఉంచాను. లెక్క కొట్టివేశాక కూడా మనిషి మీద ఆశ వదులుకోకూడదన్న ఆ తెలుగు వచనాన్ని మీరు నిజంగా పాటించదలచుకుంటే, ఈ క్రిస్మస్‌కు అతనికి మీరే ఫోను చేయండి. మొదటిసారి ఎత్తకపోవచ్చు. ఎత్తితే ఫీజు మాట, పెళ్లి మాట, "మరిచిపోయావా నాయనా" అన్న మాట రానివ్వకండి. వాళ్లమ్మగారి ఆరోగ్యం ఎలా ఉందో అడగండి, అతను ఉంటున్న చోట తిండి సరిగా దొరుకుతోందా అని అడగండి. పొడిగా రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసినా నొచ్చుకోకండి. ఈస్టరుకు ఇంకొకసారి చేయవచ్చు.